జిగురు కలపకముందే

మార్చి పన్నెండు, గురువారం
సాయంత్రం, ఇంకా వెలుతురుంది

అమ్మా,

ఈరోజు పొద్దున పనికి వెళ్ళేసరికి మా అందరి బల్లల మీదా ఒక్కో నల్లగుడ్డ పట్టీ మడతపెట్టి ఉంది. ఇస్త్రీ కూడా చేశారు. నాతో పనిచేసే కోతలన్న దాన్ని మెడకు చుట్టుకుని పెళ్ళికొడుకులా హాలంతా తిరిగాడు. జిగురక్క చెమట తుడుచుకోబోయి, కొత్తదిలా ఉందని మళ్ళీ మడత పెట్టేసింది. నేను మాత్రం ముట్టుకోలేదు. అది దేనికో ఎవరూ చెప్పకముందే నా అరచేతులకు చెమట పట్టింది. ఎందుకో వరుసగా చెబుతాను, చివరి పేజీకి వెళ్ళి ముందే చదివేయకు.

ముందు చెప్పవలసినవి చెప్పనీ. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వూ నాన్నా మామయ్యా అక్కడ బాగున్నారని నమ్ముతున్నాను. ఇదివరకు ఈ రెండు వాక్యాలూ కలం ఎత్తకుండా రాసేదాన్ని. ఈసారి 'బాగున్నాను' దగ్గర కలం ఆగింది. కాసేపు ఆ మాటను చూస్తూ కూర్చున్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు, తిన్నది ఒంటికి పడుతోంది, కాబట్టి అబద్ధం కాదులే అని కొట్టేయకుండా ఉంచాను.

నీ ప్రశ్నలకు జవాబులు. కొత్త బూట్లు ఇప్పుడు కరవడం లేదు, కాళ్ళు వాటికి లొంగాయో అవి కాళ్ళకు లొంగాయో తెలీదు. ఇంటావిడ ఇంకా గొణుగుతూనే ఉంది గానీ, కిటికీ రెక్క బాగుచేయించింది. నా గదిలో ఉండే నర్సమ్మకు ఈ వారమంతా రాత్రి డ్యూటీ, అందుకని వంట నాదే. నేను వండినది తిని ఆమె ఏమీ అనకుండా నీళ్ళు ఎక్కువగా తాగుతోంది. ఫోటోలో నా మోకాలి మీద ఏమిటా మచ్చ అని అడిగావు. మెట్టు తప్పాను. ఎక్కడ, ఎలా అన్నది కింద వస్తుంది.

ఇక నువ్వు ప్రతి ఉత్తరం చివర అడిగే ప్రశ్న. అక్కడ రాత్రి ఆకాశం ఎలా ఉంటుందే, చుక్కలు బాగా కనిపిస్తాయా అని. నేను ఒకసారి మబ్బుల గురించి రాశాను, ఒకసారి పక్క మేడ ఎత్తు గురించి, ఒకసారి వీధి దీపాల గురించి. చుక్కల గురించి రాయలేదు. నువ్వది పసిగట్టావని నాకు తెలుసు. పసిగట్టి కూడా తర్వాతి ఉత్తరంలో అదే ప్రశ్న అంతే మామూలుగా, వంటలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగావు. ఈసారి జవాబు రాస్తాను. కానీ ఇప్పుడే కాదు, కాస్త ధైర్యం కూడగట్టుకోనీ.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు 'ఊఁ' అంటావు. ఆ 'ఊఁ' వినగానే నేను మాట మార్చేస్తాను. కాగితం ఊఁ కొట్టదు.

మామయ్యకు ప్రతి ఉత్తరంలోనూ పంపే కొత్త మాట ఈసారి 'తడుముకోవడం'. చీకట్లో గోడ కోసం చేయి తడుముకుంటుంది. చెప్పలేని సంగతి దగ్గర నాలుక మాట కోసం తడుముకుంటుంది. రెండింటికీ ఒకే మాట పెట్టినవాళ్ళు ఎవరోగానీ, ఆ మనిషి కూడా ఏదో దాచిపెట్టుకున్న మనిషే అయ్యుంటాడు. దీని మీద మామయ్య ఏమంటాడో అడిగి రాయి.

నేను శిక్షణకు చేరిన చోటు గురించి కాస్త వివరంగా రాయమన్నావు కదా. ఆసుపత్రులకూ ఆఫీసులకూ బడులకూ తలుపుల మీద, గోడల మీద పెట్టే బోర్డులు మేము చేస్తాం. నాకు అప్పగించిన పని మాటలు చూడడం. ఏ మాట ఎంత పెద్దగా ఉండాలి, రెండక్షరాల మధ్య ఎంత చోటు వదలాలి, 'లోపలికి రాకూడదు' అనాలా, 'ఇక్కడ ఆగండి' అనాలా. 'రాకూడదు' అంటే మనిషి మొహం మాడ్చుకుంటాడు. 'ఆగండి' అంటే ఆగుతాడు. ఒక్క మాట మారిస్తే తలుపు మర్యాద మారిపోతుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఈ పని నాకు ఎంత నచ్చిందో రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. నెలాఖరుకు శిక్షణ అయిపోతుంది. ఉంచుకునేదీ పంపేసేదీ మేనేజరుగారి చేతిలో ఉంది. నన్ను ఉంచుకోవాలని ఉంది అమ్మా. ఇంతగా ఏదీ కోరుకున్నట్టు గుర్తులేదు.

కోతలన్న అక్షరాలు కోసే మిషన్ దగ్గర ఉంటాడు. కోసేవి అక్షరాలే, చెప్పేవి కూడా కోతలే, అందుకని ఆ పేరు స్థిరపడిపోయింది. జిగురక్క కోసిన అక్షరాలను బోర్డు మీద అంటిస్తుంది. ఆమె అంటించిన అక్షరం గోడ పడిపోయినా ఊడదని చెప్పుకుంటారు. హాలు పొడుగ్గా ఉంటుంది. ఎడమవైపు కోత బల్ల, తర్వాత ఇరుకు నడవ, నడవ చివర మెట్లు దిగితే రంగు వేసిన బోర్డులు ఆరబెట్టే గది. ఆ మెట్ల లైటు స్విచ్ ఎక్కడుందో తెలుసా? మెట్లన్నీ దిగాక, కింద గోడకు. వెలుగు కావాలంటే ముందు చీకట్లో దిగాలి. అది ఎవరికీ వింతగా అనిపించదు, అలవాటైపోయింది. నా మోకాలు అక్కడే.

ఈమధ్య ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు మాకు బోర్డుల పని ఇచ్చారు. వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల బోర్డులు కూడా అందులో ఉన్నాయి. పని ఇస్తూ ఒక షరతు పెట్టారు. ఈ బోర్డులు చేసేచోట కూడా వైకల్యం ఉన్నవాళ్ళ గురించి, వాళ్ళకు పనిచోటు ఎలా ఉండాలన్నదాని గురించి అందరికీ అవగాహన తరగతి జరగాలి, జరిగిందో లేదో తమ మనిషి వచ్చి చూస్తారు అని. ఆ కబురు తెలిసినప్పుడు నేను సంబరపడ్డాను. నాకు చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియక లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. తరగతి అయితే అందరి మనసూ కాస్త మెత్తబడుతుంది, అప్పుడు చెప్పడం తేలికవుతుంది అనుకున్నాను.

ఆ తరగతి ఈరోజే. నల్ల పట్టీలు దానికోసమే.

మేనేజరుగారు మొదట ఒక కాగితం చదివారు. తర్వాత, చదివితే ఏం తెలుస్తుంది, అనుభవించాలి అని, ఒక్కొక్కరూ కళ్ళకు గంతలు కట్టుకుని హాల్లోంచి నడిచి, మెట్లు దిగి, ఆరబెట్టే గది తలుపు ముట్టుకుని తిరిగి రావాలన్నారు. ముడులు వేసే పని జిగురక్కకు పడింది.

మొదట అంతా నవ్వులాటగానే సాగింది. కోతలన్న వెళుతూ వెళుతూ, ఈ హాల్లో నేను నిద్రలో కూడా నడుస్తానని చెప్పి, తన బల్లకే డొక్క గుద్దుకున్నాడు. తర్వాత నవ్వు తగ్గింది. రంగులు కలిపే ఆవిడ నడవ మధ్యలో ఆగిపోయి, ఎవరైనా ఉన్నారా, ఎవరైనా పలకండి అంటూ నిలబడిపోయింది. లెక్కలు చూసే ఆయన మెట్ల అంచున కూర్చుండిపోయి, నేను దిగను బాబూ, నాకు పిల్లలున్నారు అన్నాడు. ఒక్కొక్కరూ కట్టు విప్పుకోగానే నీళ్ళలోంచి తల బయటపెట్టినట్టు ఊపిరి పీల్చుకున్నారు. నేను వాళ్ళ మొహాలే చూస్తున్నాను. ఆ మొహాల్లో ఉన్నది అవగాహన కాదమ్మా, భయం. తమకు అలా కాలేదన్న నిశ్చింత కూడా.

అప్పుడు మేనేజరుగారు గొంతు తగ్గించి, ఎంతో బాధగా మాట్లాడారు.

"చూశారుగా. కాసేపు కళ్ళు లేకపోతేనే మన పని ఇలా అయింది. మొన్న ఒకాయన చేతికర్రతో వచ్చి ఇక్కడ పని అడిగాడు. బాగా చదువుకున్నవాడే. ఆ మెట్లు గుర్తొచ్చి నాకు గుండె ఆగినంత పనైంది. నేనే సర్ది చెప్పి పంపించేశాను. అలాంటివాళ్ళను ఈ మిషన్ల మధ్యకు తీసుకొచ్చి ప్రాణం మీదికి తేవడం పాపం కదా."

మెట్ల దగ్గర లైటు సరిచేయించొచ్చేమో అని జిగురక్క అంది. మెట్లు మొదటి నుంచీ అలాగే ఉన్నాయి కదమ్మా అన్నారాయన. ఆయన చెడ్డవాడు కాదు. మొన్న వాన పడితే తన గొడుగు నాకిచ్చి తను తడుస్తూ వెళ్ళాడు. నా భయమంతా అందుకే. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. జాలిపడేవాడితో ఎలా పోట్లాడతాం?

ఆ కర్ర పట్టుకున్న మనిషి గుమ్మం దగ్గరనుంచే తిరిగి వెళ్ళిపోవడం నా కళ్ళకు కట్టింది. నేను చెప్పాలనుకున్న మాట అక్కడికక్కడే ముడుచుకుని ఎక్కడో దాక్కుంది. సరిగ్గా అప్పుడే, ఇక మిగిలింది నువ్వే రా అని నన్ను పిలిచారు.

నేను ముందే ఒకటి అనుకున్నాను. కోత బల్ల దగ్గర కావాలని ఒకసారి తగలాలి, నడవలో రెండుసార్లు తూలాలి, మెట్ల దగ్గర భయపడి ఆగిపోవాలి, అందరిలాగే. జిగురక్క కట్టు బిగించి కట్టింది, జుట్టు పోగులు కూడా ముడిలో పడి చురుక్కుమంది. అంతా నలుపు. అమ్మా, ఒక విచిత్రం చెబుతాను విను. పొద్దుటి నుంచీ నన్ను పట్టుకున్న భయం ఆ నలుపులో వదిలేసింది. రోజూ సాయంత్రాలు నేను నడిచేటప్పుడు కళ్ళు ఒకటి చెబుతాయి, కాళ్ళు ఒకటి చెబుతాయి, ఎవరి మాట వినాలో తెలియదు. కట్టు కట్టాక కళ్ళు నోరు మూసుకున్నాయి. కాళ్ళ మాట ఒక్కటే మిగిలింది. కోత మిషన్ వేడి ఎడమ చెంపకు తగిలింది, అంటే బల్ల అక్కడ. జిగురు వాసన వెనకబడింది, అంటే నడవ మొదలు. చిన్నప్పుడు మామయ్యతో కళ్ళు మూసుకుని ఇల్లంతా తిరిగే ఆట ఆడేదాన్ని గుర్తుందా? అరచేయి చాపకే, చేయి తిప్పి వేళ్ళ వెనకవైపు పెట్టు, పాదం ముందు జరిపి తర్వాత బరువు వెయ్యి అనేవాడు. అలాగే వెళ్ళాను. మెట్లు దిగాను, తలుపు ముట్టుకున్నాను, ఎక్కాను, వచ్చాను. తూలాలన్న సంగతే మరిచిపోయాను.

కట్టు విప్పేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు తెలిసింది ఏం చేశానో. పై ప్రాణాలు పైనే పోయాయి.

కోతలన్నే ముందు తేరుకున్నాడు.

"మా చెల్లెమ్మ గడుసుది. కట్టు కిందనుంచి నేల చూసుకుంటూ హాయిగా వచ్చేసింది. ఆ తెలివి నాకుంటే డొక్క వాచేదా?"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. బరువు దించుకున్నట్టు నవ్వారు. మేనేజరుగారు మాత్రం నవ్వలేదు.

"ఇది ఆట కాదమ్మా. నిజం చెప్పు, చూశావా?"

నా ముందు రెండు తలుపులున్నట్టు అనిపించింది. ఒకదాని వెనక అల్లరిపిల్ల అన్న మాట ఉంది. రెండోదాని వెనక కర్ర పట్టుకున్న ఆ మనిషి ఉన్నాడు.

"చూశాను సార్," అన్నాను.

ఆయన తల ఊపారు. కుర్రతనం అన్నారు. ఇలాంటి విషయాలు నవ్వులాటగా తీసుకుంటే ఎలా అని నెమ్మదిగా మందలించి, తరగతి నీకే ఒంటబట్టలేదు కాబట్టి రేపటి బోర్డు పని నువ్వే చెయ్యి అన్నారు. ఆ బోర్డు గురించి చెబుతాను, ముందు జిగురక్క సంగతి.

నేను మొహం కడుక్కోవడానికి వెళితే ఆమె వెనకే వచ్చి కుళాయి కట్టేసింది.

"ఆ ముడి వేసింది నేను," అంది.

నేను తడి మొహం తుడుచుకోసాగాను.

"ఆ కట్టులోంచి వెలుగు పోగు కూడా దూరదు. ఎలా చూశావు?"

"చూడలేదక్కా."

"మరి చూశానని ఎందుకన్నావు?"

ఆమె నా మొహం చూసింది, తర్వాత మోకాలు చూసింది. అది ఆ మెట్ల దగ్గరేనా అంది. తల ఊపాను. ఎన్నాళ్ళ నుంచి అంది. వానాకాలం నుంచి అన్నాను. ఇంకేమీ అడగలేదు. చేతులు తుడుచుకుంటూ, ఎవరికీ చెప్పనులే అంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"చెప్పను సరే. కానీ ఇకనుంచి రోజూ సాయంత్రం నువ్వు బోర్డు పట్టుకుని ఆ మెట్లు దిగుతుంటే, నేను ఇక్కడ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చోవాలి. నీ భయం నీకు చాలక నాకూ అంటించావు కదే."

అది విన్నాక నాకు ఇంకో రకం భయం పట్టుకుంది. దాచడమంటే నా ఒక్కదాని వ్యవహారం అనుకున్నాను ఇన్నాళ్ళూ. దాచినదాన్ని కనిపెట్టినవాళ్ళు కూడా మోయాలని నాకు తట్టనే లేదు.

మధ్యాహ్నం తర్వాత ఒక పని చేసింది ఆమె. కోత మిషన్ కింద పడి ఉన్న వెనక జిగురున్న పసుపుపచ్చ ప్లాస్టిక్ రేకు ముక్కలు ఏరుకుని, సన్నటి పట్టీలుగా కత్తిరించి, ప్రతి మెట్టు అంచుకూ ఒకటి అంటించింది. ఎవరు చెప్పారు అని మేనేజరుగారు అడిగితే, పారేయబుద్ధి కాలేదండీ అంది. కోతలన్న మెట్లకు పట్టీలు వేసిందని కాసేపు ఎగతాళి చేశాడు. సాయంత్రం చేతుల నిండా బోర్డులు పట్టుకుని కిందికి చూడకుండానే చకచకా దిగి, తిరిగొచ్చి, ఇదేదో బాగానే ఉందే అన్నాడు. నేను దూరం నుంచి ఆ పసుపు గీతలు చూశాను. మసకలో కూడా కనిపించాయి అమ్మా. అన్నీ కాదు, మొదటివి కొన్ని. అవి చూస్తూ ఉంటే ఏడుపొచ్చింది, తుమ్ము వచ్చినట్టు నటించాను. ఈరోజు నా నటనలన్నింటిలో అదొక్కటే సరిగ్గా కుదిరింది.

ఇక బోర్డు. రేపు ఆసుపత్రి మనిషి వచ్చేసరికి గుమ్మం ఎదురుగా పెట్టాలట. వాక్యం మేనేజరుగారే రాశారు: 'చూపు ఒక వరం. లేనివారిపై దయ చూపుదాం.' కోతలన్న అక్షరాలు కోసిచ్చాడు. వాటిని బోర్డు మీద పేర్చి, చోటు సరిచూడడం నా పని. సాయంత్రం దాకా ఆ వాక్యంతోనే కూర్చున్నాను. అక్షరాలు అందంగా ఉన్నాయి. వరుస తిన్నగా ఉంది. కానీ 'లేనివారిపై' అన్న మాట ఎన్నిసార్లు జరిపినా నాకు కుదిరినట్టు అనిపించలేదు. ఆ మాట చదివే మనిషి ఎవరు, ఆ మాటలో ఉన్న మనిషి ఎవరు? చదివేవాళ్ళు ఇటు, లేనివాళ్ళు అటు. నేను ఇటు కూర్చుని అటువైపు నన్నే పేరుస్తున్నాను. ఆ బోర్డు ఒకసారి గుమ్మం ఎదుట నిలబడితే, రోజూ దాని ముందునుంచే లోపలికి వెళ్ళాలి. అప్పుడు నా మాట ఇంకెప్పటికీ బయటికి రాదు.

జిగురక్క డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. ఈ పూట కలిపితే తెల్లారేసరికి రాయవుతుంది, పొద్దున్నే కలిపి అంటిస్తాను అని మేనేజరుగారికి గట్టిగా చెప్పింది. నేను సంచి తగిలించుకుంటుంటే పక్కకు వచ్చి మెల్లగా అంది:

"అంటించాక గీకడం నా తరం కాదు. మార్చుకునేది ఏమైనా ఉంటే జిగురు కలపకముందే రా."

అమ్మా, ఇక నీ ప్రశ్నకు జవాబు.

చుక్కలు కనిపించడం లేదు.

వానాకాలం వెళ్ళాక మబ్బులు పోయాయి. ఇంటావిడా నర్సమ్మా మేడ మీద నిలబడి, ఎంత బాగున్నాయో చూడు అన్నారు. నేనూ తల పైకెత్తి బాగున్నాయన్నాను. నాకు నల్లటి గుడ్డలా కనిపించింది ఆకాశం. ఈరోజు పొద్దున బల్ల మీద పట్టీ చూసి ఎందుకు ముట్టుకోలేదో ఇప్పుడు తెలిసింది కదా. పోయిన నెల నర్సమ్మ నన్ను తమ ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మామయ్య చూపు ఎలా పోయిందో చెప్పగానే డాక్టరమ్మ నెమ్మదిగా తల ఊపింది. అదే. నడిమి చూపు బాగుంది, అందుకే ఈ అక్షరాలు ఇలా రాయగలుగుతున్నాను. పక్కలు తగ్గుతున్నాయి, చీకటి పడితే ఇంకా తగ్గుతాయి. ఎంత తొందరగా అని అడిగితే ఆవిడ చెప్పలేనంది, కొందరికి చాలా ఏళ్ళు పడుతుందంది. ఆ 'కొందరికి' అన్న మాటను పట్టుకుని ఆ వారమంతా వేలాడాను.

ఇది చదివి నువ్వు పొయ్యి ముందు కూర్చుని, నా వైపునుంచే వచ్చింది అనుకుంటావు. అనుకోకు. వచ్చినది నీ చేతిలో లేదు, అడిగిన ప్రశ్న మాత్రం నీదే. నువ్వు అంత మామూలుగా అన్నిసార్లు అడగకపోతే, నేను దీన్ని ఇంకా మబ్బుల కింద దాచేసేదాన్ని.

భయంగా ఉందమ్మా. రాత్రిళ్ళు కాదు, పగలే భయం. ఎవరైనా పక్కనుంచి వచ్చి పలకరిస్తే ఉలిక్కిపడతాను. నా పేరుకు ముందు 'పాపం' అన్న మాట వచ్చి చేరుతుందని భయం. మాటలంటే ఇప్పుడిప్పుడే మనసు పడ్డాను, ఇష్టం కుదిరీ కుదరకముందే వాటి మొహం నాకు కనిపించకుండా పోతుందేమోనని భయం. ఇలా అంటే మామయ్య నవ్వుతాడని తెలుసు. నేను పంపిన ఒక్కో మాటనూ ఆయన నోట్లో వేసుకుని చప్పరిస్తూ రోజంతా గడుపుతాడని నువ్వే రాశావు కదా. అది తలుచుకుంటే కాస్త ఊపిరాడుతుంది.

కానీ ఈరోజు 'చూశాను సార్' అన్నాక నన్ను అన్నింటికంటే ఎక్కువ భయపెట్టింది కూడా మామయ్యే. ఒక సాయంత్రం వరండాలో మామయ్య తన గోదాము రోజుల గురించి చెప్పాడు, నువ్వు పక్కనే బట్టలు మడత పెడుతున్నావు. పొద్దు వాలితే పెట్టెలకు తగులుతూ, మనుషులను రాసుకుంటూ నడిచేవాడట. జన్మలో చుక్క ముట్టని మనిషి. తాగి వస్తున్నావా అని అక్కడివాళ్ళు అడిగితే అవునన్నాడట. ఎందుకలా అన్నావు మామయ్యా అని నేనడిగితే ఏమన్నాడో నీకూ గుర్తుండే ఉంటుంది.

"తాగుబోతు అంటే, మానేస్తే బాగుపడతాడని వాళ్ళకు ఆశ ఉంటుంది కదే. ఉన్నది చెబితే ఆ ఆశ కూడా ఉండదనుకున్నాను."

చివరికి తాగుబోతనే పని తీసేశారు. ఆ పేరు ఆయన కంటే ముందే ప్రతి గుమ్మానికీ చేరింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, ఆయనా అడగలేదు. అది వింటూ నువ్వు మడత పెడుతున్న చొక్కాను విప్పి మళ్ళీ మడత పెట్టావు. ఆ చొక్కా నాకు ఈరోజు కుళాయి దగ్గర గుర్తొచ్చింది. ఆయన తాగుబోతు పేరు మోశాడు, నేను దొంగచూపుల పిల్లనన్న పేరు ఎత్తుకున్నాను. ఆయన కళ్ళు నాకు వచ్చాయి, సరే. ఆయన నడక వచ్చింది, దానికి సంతోషం. ఆ 'అవును' మాత్రం రాకూడదు అమ్మా.

ఇంటికి వచ్చిన దగ్గరనుంచీ ఒక వాక్యం చెక్కుతున్నాను. మొదట 'సార్, మీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి' అని మొదలుపెట్టాను. అలా అంటే ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, సగం జాలి అక్కడే మొదలుపెడతారు. తర్వాత 'నన్ను క్షమించండి' అని చేర్చాను, తీసేశాను. తగ్గించి తగ్గించి చివరికి ఇలా మిగిలింది: 'నిన్న నేను కట్టు కిందనుంచి చూడలేదు సార్.' ఆయన మరెలా నడిచావు అంటారు. అప్పుడు ఉన్నది చెబుతాను. రోజూ ఈ పని చేస్తున్నది ఈ కళ్ళతోనే అని, ఈ బోర్డుల వరుసలు తిన్నగా ఉన్నది ఈ కళ్ళతోనే అని చెబుతాను. గొంతు వణుకుతుంది, వణకనీ. ఆ తర్వాత ఇంకొక్క మాట అడుగుతాను. మెట్ల స్విచ్ పైకి మార్పించండి అని. అది నా ఒక్కదాని కోసం కాదు, లెక్కలాయనకు పిల్లలున్నారు.

ఆయన నన్ను ఉంచుకుంటారో, గొడుగు ఇచ్చినంత ప్రేమగా ఇంటికి పంపేస్తారో నాకు తెలియదు. పంపేస్తే వస్తాను, నీ దగ్గర కూర్చుని ఏడుస్తాను, మళ్ళీ ఇంకో గుమ్మం దగ్గర ఇదే వాక్యం చెబుతాను. కానీ తాగుబోతుననో దొంగననో పేరు పెట్టుకుని మాత్రం రాను.

ఈ ఉత్తరం మామయ్యకు చదివి వినిపించు. ఆయన గురించి రాసిన చోటుకు వచ్చాక ఆగిపోకు, గొంతు మార్చి దాటేయకు. అలాగే చదువు.

వెలుతురు తగ్గుతోంది, వరుసలు ఒంకర పోతున్నట్టున్నాయి. తపాలా డబ్బా వీధి మలుపులోనే ఉంది గానీ ఇప్పుడు వెళ్ళను. రేపు పొద్దున ఎండ రాగానే బయల్దేరి, ముందు ఈ ఉత్తరం డబ్బాలో వేస్తాను, అప్పుడిక వెనక్కి తీసుకోలేను. తర్వాత నేరుగా పనికి వెళ్ళి, జిగురక్క డబ్బా మూత తీయకముందే బోర్డు మీదినుంచి ఆ అక్షరాలన్నీ ఏరి పళ్ళెంలో వేసి, ఆ పళ్ళెం చేత్తో పట్టుకునే మేనేజరుగారి తలుపు తడతాను.

ఇట్లు,
నీ కూతురు,
అచ్చంగా మామయ్యకు మేనకోడలు